కూరలు తరగడం వల్ల

ఆ ఆసుపత్రి ఆఫీసులో మనుషులకు పేర్లు ఉండకపోలేదు, వాడేవాళ్ళే లేరు. ఎవరు ఏ అవయవం చూస్తే అదే వాళ్ళ పేరు. కంటి విభాగం చూసే కుర్రవాడు కళ్ళబ్బాయి. విరిగినవీ అరిగినవీ చూసే పెద్దమనిషి ఎముకలాయన. అందరి పనినీ తనిఖీ చేసే గుండె మేడమ్ పేరు విని, కొత్తగా చేరినవాళ్ళు ఆవిడది మెత్తని గుండె కాబోలనుకునేవారు. మొదటి తప్పు దొరికిన పూటే ఆ భ్రమ వదిలేది. చేతుల డాక్టరు రాసినవన్నీ చూసే ఆవిడ చేతులమ్మ. ఇంట్లో పెట్టిన పేరుతో పిలిస్తే ఒకోసారి ఆలస్యంగా తిరిగేది గానీ, చేతులమ్మా అంటే చటుక్కున తలెత్తేది.

పని చెప్పుకోవడానికి సులువే. డాక్టరు రోగిని చూసి నాలుగు ముక్కలు రాస్తాడు. ఆ ముక్కలు చదివి, జబ్బుకూ చేసిన వైద్యానికీ సరిపోయే అంకెల కోడ్ వేయాలి. వేలు పట్టేసే జబ్బునే తీసుకోండి. మడిచిన వేలు మడిచినట్టే ఉండిపోతుంది, రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకుంటుంది. డాక్టర్లు దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. దాని కోడ్‌లో ఒక అంకె ఏ వేలో చెబుతుంది, చివరి అంకె కుడిచెయ్యో ఎడమచెయ్యో చెబుతుంది. డాక్టరు తొందరలో వట్టి 'వేలు' అని రాసి ఊరుకుంటే చేతులమ్మ ఊరుకోదు. ఏ వేలు నాయనా అని మర్యాదగా అడుగుతూ కంప్యూటర్లో ఒక ప్రశ్న పంపుతుంది.

అడగడానికీ ఒక పద్ధతుంది. జవాబును ప్రశ్నలో పెట్టి పంపకూడదు. 'ఉంగరపు వేలేనా?' అంటే తప్పు, 'ఏ వేలో తెలపగలరు' అంటే ఒప్పు. డాక్టరు నోట్లో మాట పెట్టడం ఆ ఆఫీసులో దొంగతనంతో సమానం. రాయనిది జరగనట్టే. కళ్ళారా చూసినా చూడనట్టే. అయినవాళ్ళ ఫైలయితే అసలు తెరవనే కూడదు, పక్కవాళ్ళకు ఇచ్చేయాలి. కొత్తవాళ్ళు ఈ కట్టుబాట్లు విని గొణుక్కునేవారు. చేతులమ్మకు మాత్రం ఇవంటే ఇష్టం. ఇంట్లో, వీధిలో, బస్సులో ప్రతివాళ్ళూ ఎదుటివాళ్ళ నోట్లో మాటలు కుక్కే లోకంలో, అడిగేసి ఊరుకునే మర్యాద ఈ ఒక్కచోటైనా ఉంది కదా అనుకునేది.

ఆ సోమవారం ఆ మర్యాదే ఆమె గొంతుకు అడ్డం పడింది.

అప్పుడే వచ్చిన ఫైల్లో ఇలా ఉంది. కుడిచెయ్యి, ఉంగరపు వేలు పట్టేయడం. కారణం: ఇంట్లో కూరలు తరగడం వల్ల. కోడ్ వేయబోతూ చేతులమ్మ పేరు చూసింది. ఆసుపత్రిలో శుభ్రం పని చేసే మనిషే, మూడో అంతస్తు గాజు తలుపులు తుడిచే పొడుగుపిల్ల. ఆ పిల్ల ఉండేది పనివాళ్ళ హాస్టల్లో. అక్కడ వండుకోనివ్వరు. పొయ్యి లేదు, కత్తి లేదు, తరగడానికి వంకాయా లేదు. మొన్న క్యాంటీన్లో పక్కనే కూర్చుని, "ఊరెళితే గానీ ఉల్లిపాయ ముట్టుకోను మేడమ్, ఎంత అదృష్టమో" అని నవ్వింది కూడా.

చేతులమ్మ పాత ఫైళ్ళు వెనక్కి జరిపింది. వార్డు మంచాలు తుడిచే మీసాలాయన, కూరలు తరగడం వల్ల. ఆయన కత్తి పట్టాడంటే వాళ్ళావిడే నమ్మదు. మెట్ల కమ్మీలు తుడిచే ముసలమ్మ, కూరలు తరగడం వల్ల. శుభ్రం పనివాళ్ళంతా కూడబలుక్కుని ఒక్కసారిగా వంటల్లో పడ్డారన్నమాట.

వాళ్ళు నిజంగా ఏం చేస్తారో ఆమెకు తెలుసు. మందునీళ్ళ సీసా ఉంటుంది, పైన తుపాకీకి ఉన్నట్టు మీట. మీట నొక్కడం, చల్లడం, తుడవడం. మంచానికి నొక్కాలి, తలుపు పిడికి నొక్కాలి, కుర్చీ చేతికి నొక్కాలి. రోగి మారిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి నొక్కాలి. డ్యూటీ ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఆ వేళ్ళు ముడుచుకోవడం, తెరుచుకోవడం తప్ప వేరే పని ఎరగవు.

ఇదంతా ఆమె రాయకూడదు. అందుకని, వేళ్ళ చివరిదాకా వచ్చిన మాటలన్నీ మింగేసి, 'ఈ పరిస్థితికి కారణం గురించి మరేదైనా వివరం ఉంటే తెలపగలరు' అని ఆ పిల్ల ఫైలు మీద పంపింది. మధ్యాహ్నం జవాబు వచ్చింది. 'రోగి చెప్పిన కారణమే రాశాను.' అక్కడితో సరి. గోడను అడిగినా అంతే, అడగకపోయినా అంతే. చేతులమ్మ ఉంగరపు వేలి అంకె వేసి, కుడిచేతి అంకె వేసి, ఫైలు మూసేసింది.

పనివల్ల వచ్చిన జబ్బని డాక్టరు రాస్తే దానికి పక్కన ఇంకో కోడ్ పడుతుంది. అది పడితే, ఆపరేషన్ అయ్యాక కాంట్రాక్టరు జీతంతో విశ్రాంతి ఇవ్వాలి, తిరిగి వచ్చాక చేతికి భారం లేని పని చూపించాలి. ఆసుపత్రి పెట్టిన షరతు అది. ఇంటిపని వల్ల అని రాస్తే ఎవరికీ ఏ బాధ్యతా లేదు. 'చెయ్యి బాగయ్యాక రా తల్లీ' అని సాగనంపుతారు. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ ఆ నీలం చొక్కా వేసుకోగా చేతులమ్మ చూడలేదు.

ఆమె అక్క కూడా అదే నీలం చొక్కా వేసుకుంటుంది. అక్క కుడిచేతి ఉంగరపు వేలు కొన్ని నెలలుగా పట్టేస్తోంది. ఇంజెక్షన్ ఇస్తే కొన్నాళ్ళు బాగుండి మళ్ళీ మొదలైంది. ఆపరేషన్ సంగతి తేల్చడానికి డాక్టరు శుక్రవారం రమ్మన్నాడు.

*

డాక్టరు ఇచ్చిన ప్లాస్టిక్ బద్ద నిద్రలో ఊడిపోయి, తెల్లారేసరికి అక్క వేలు అరచేతిలోకి ముడుచుకుని ఉండేది. మిగతా నాలుగూ తెరుచుకునేవి, అదొక్కటి అలిగి పడుకున్న పిల్లలా లేచేది కాదు. వంటింట్లో చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు పోసి, అక్క చేతిని అందులో ముంచి కూర్చోబెట్టడం చేతులమ్మ రోజువారీ పనుల్లో చేరిపోయింది. కాసేపయ్యాక తువ్వాలుతో తుడిచి, అక్క మణికట్టు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ వేలి కింద బొటనవేలు పెట్టి మెల్లగా లేపేది. అరచేతిలో వేలు మొదలయ్యేచోట చర్మం కింద శనగగింజంత గడ్డ తగిలేది. అది కదిలి జారేదాకా అక్క ఊపిరి బిగబట్టేది. టక్కుమనేది.

"తీశావా తాళం?" అంది అక్క ఆ మంగళవారం, కళ్ళు తుడుచుకుంటూ. "కూలి ఏమివ్వను?"

"ఒక మాట చెప్పు చాలు. ఇంతకుముందు వెళ్ళినప్పుడు, ఇది ఎలా వచ్చిందని డాక్టరుగారు అడిగారా?"

"అడిగారు."

"ఏం చెప్పావు?"

"ఏదో చెప్పాంలే."

"చెప్పామంటే? ఇంకెవరున్నారు?"

"బాబాయి వచ్చాడుగా తోడు," అని అక్క గిన్నెలో నీళ్ళు పారబోయడానికి లేచింది.

బాబాయి అంటే వాళ్ళ నాన్నకు తమ్ముడేమీ కాదు. శుభ్రం పనివాళ్ళ మీద కాంట్రాక్టరు పెట్టిన సూపర్‌వైజరు. ఆడవాళ్ళందరినీ తల్లీ అంటాడు, మగవాళ్ళందరినీ నాయనా అంటాడు. ఎవరికి ఒంట్లో బాగా లేదన్నా తనే టోకెన్ తీయిస్తాడు, తనే వెంటపెట్టుకుని వెళతాడు, డాక్టరు గదిలో రోగి పక్క స్టూలు మీద తనే కూర్చుంటాడు. సొంతవాళ్ళు కూడా ఇంత చేయరని అందరూ అంటారు. డాక్టరు ప్రశ్న రోగిని అడుగుతాడు, జవాబు స్టూలు మీద నుంచి వస్తుంది. తేనె పూసిన కత్తి అయినా కత్తే అని తెలిసేది తెగాకనే.

"ఆయనేమన్నాడు?" అంది చేతులమ్మ.

"పాపం ఇంట్లో వంటంతా ఈవిడ నెత్తినే సార్, కూరలు తరిగి తరిగి ఇలా అయింది అన్నాడు."

"మరి నువ్వు?"

"తలూపాను."

పక్కన పీట మీద కూర్చుని బెండకాయలు తరుగుతున్న చేతులమ్మ భర్త కత్తి ఆపి వదినగారి వైపు చూశాడు. ఆ ఇంట్లో కూరలు తరిగేది ఆయనే. లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ముక్కలన్నీ ఒకే కొలతలో లేకపోతే ఆయనకు అన్నం సహించదు, అందుకని ఆడవాళ్ళిద్దరినీ ఆ ఛాయలకు రానివ్వడు.

"అయితే వదినా, నా పేరు మీద మీరు ఇంజెక్షన్ పొడిపించుకున్నారన్నమాట," అన్నాడు.

అక్కకు నవ్వొచ్చింది. చేతులమ్మకు రాలేదు. "శుక్రవారం ఉన్నదున్నట్టు చెప్పు అక్కా," అంది. "పనివల్లే వచ్చిందని చెప్పు. విశ్రాంతి ఇస్తారు. వేరే పని ఇస్తారు. లేకపోతే ఆపరేషన్ అయిన మర్నాడే నిన్ను పంపించేస్తారు."

"నాకు తెలీదనుకున్నావా?"

"తెలిస్తే ఎందుకు చెప్పవు?"

"నీకెందుకే ఇవన్నీ? నీ సీట్లో నువ్వు చల్లగా కూర్చో, అదే పదివేలు." అక్క ఆ మాట కాస్త గట్టిగానే అంది. తర్వాత ఎవరి ముఖమూ చూడకుండా నీలం చొక్కా తెచ్చుకుని, బొత్తాలు ఎడమచేత్తో పెట్టుకోవడం మొదలుపెట్టింది. చేతులమ్మ సాయం వెళ్ళబోతే భుజం తిప్పేసుకుంది.

అక్క వెళ్ళిపోయాక భర్త బెండకాయ ముక్కలు గిన్నెలోకి తోసి, "మా లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు చేసే తప్పు ఒకటే," అన్నాడు. "తలుపులు పట్టుకుని గుంజుతారు. దాంతో ఇంకా బిగుసుకుంటుంది. కదలకుండా నిలబడితే మేమే వచ్చి తీస్తాం."

"మీరు వచ్చేలోపు లోపలున్నవాళ్ళు ఏమవుతారు?"

"ఏమవుతారు, చెమటలు పడతాయి." ఆయన కాసేపు ఆలోచించి, "అందరికీ ఫోను ఉండదనుకో," అని తన మాటకు తనే అడ్డం పడ్డాడు.

*

బుధవారం మూడో అంతస్తు గాజు తలుపుల దగ్గర కొత్తమ్మాయి కనబడింది. నీలం చొక్కా ఇంకా మడతలు పోలేదు. సీసా మీట నొక్కడం అలవాటు లేక రెండు చేతులతో పట్టుకుని చల్లుతోంది.

"పొడుగమ్మాయి ఏది?" అని అడిగింది చేతులమ్మ.

"చెయ్యి బాగోలేదంట మేడమ్. ఊరెళ్ళిపోయిందంట."

చేతులమ్మ సీటుకు వచ్చి కూర్చుంది గానీ ఆ పూట కళ్ళ ముందు అక్షరాలు నిలవలేదు. ఆ పిల్లకు ఉంగరపు వేలి కోడ్ వేసింది తనే. కోడ్‌లో తప్పు లేదు. వేలు సరైనదే, చెయ్యి సరైనదే. గుండె మేడమ్ భూతద్దం పెట్టి చూసినా ఒక్క అంకె కూడా మార్చలేదు. అంత సరిగ్గా చేసిన పనికి అంత సిగ్గుపడటం ఆమెకు అదే మొదలు.

మధ్యాహ్నం ధైర్యం చేసి గుండె మేడమ్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తెర మీద నుంచి చూపు తిప్పకుండానే కుర్చీ చూపించింది.

"మేడమ్, డాక్టరు రాసింది నిజం కాదని మనకు తెలిస్తే ఏం చేయాలి?"

"మనకు ఎలా తెలుస్తుంది?"

"బయట చూసి."

"మనం బయట చూడం. రాసింది చూస్తాం." ఆవిడ ఈసారి తల తిప్పింది. "ఎవరి ఫైలు?"

"ఒకరిది కాదు మేడమ్. శుభ్రం పనివాళ్ళవి చాలా. అన్నిటిలో ఒకటే మాట. శుక్రవారం మా అక్క కూడా వెళ్ళాలి."

"మీ అక్క ఫైలు తెరిచావా?"

"లేదు."

"తెరవకు. అది ఎముకలాయన చూస్తాడు." గుండె మేడమ్ కళ్ళజోడు తీసి ముక్కు మీద నొక్కుకుంది. "చూడు, నాకూ కళ్ళున్నాయి. కాని మనం అనుకున్నవి రాయడం మొదలుపెడితే, ఇవాళ నువ్వు మంచికి రాస్తావు, రేపు ఇంకొకడు చెడుకు రాస్తాడు. అప్పుడు ఆ రాతను ఎవరు నమ్ముతారు?"

అది అన్యాయమైన మాటయినా బాగుండేది, పోట్లాడటానికి వీలుండేది. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది ఆమె పరిస్థితి.

సాయంత్రం దిగి వెళుతుంటే మెట్ల మలుపులో బాబాయి ఎదురయ్యాడు. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, ముఖమంతా నవ్వు. ఆమెకు దారి ఇస్తున్నట్టే పక్కకు తప్పుకున్నాడు గానీ, కమ్మీ మీద చెయ్యి మాత్రం తీయలేదు.

"ఏం తల్లీ, పని అయిందా? మీది హాయైన ఉద్యోగం. ఫ్యాను కింద కూర్చుని చేసుకోవచ్చు."

"అయిందండీ."

"డాక్టరుగారికి ఏదో ప్రశ్న పంపావట. మా పొడుగుపిల్ల గురించి. డాక్టరుగారే అన్నారు, రాసిన కారణమే మళ్ళీ అడుగుతున్నారయ్యా అని. ఆయనకు తెలీదు పాపం, అడిగేది ఎవరో." బాబాయి గొంతు ఇంకాస్త మెత్తబడింది. "అడగాలి తల్లీ, తప్పులేదు. నీ పని అది. మీ అక్క కూడా నాకు కూతురిలాంటిదే. ఒకే ఇంట్లోంచి ఇద్దరు ఒకే ఆసుపత్రిలో పనిచేయడం ఎంత పుణ్యం! మీ పైవాళ్ళు కూడా నాకు బాగా తెలుసులే. మీ ఇద్దరూ పదికాలాలు చల్లగా ఉండాలనే నా కోరిక."

దీవెన వింటే ఒళ్ళు జలదరించడం ఎలా ఉంటుందో చేతులమ్మకు ఆ మెట్ల మీద తెలిసింది. ఆయన కమ్మీ మీద నుంచి చెయ్యి తీశాడు. ఆమె దిగింది. దిగుతున్నంతసేపూ వెనక నుంచి ఆయన చూస్తున్నాడనే అనిపించింది. బస్సెక్కి కూర్చున్నాక చూసుకుంటే తన రెండు చేతులూ పిడికిళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

ఇంట్లో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అక్కకు చెబితే భయపడుతుందనుకుంది. అక్క ఆ రాత్రి వేలికి వేసిన ప్లాస్టిక్ బద్దను విప్పి, మళ్ళీ కట్టుకుని, పెందలాడే పడుకుంది.

గురువారమంతా చేతులమ్మ బుర్రలో ఒకటే మాట గానుగెద్దులా తిరిగింది. నేను అడగకూడదు, నేను చెప్పకూడదు, నేను తెరవకూడదు. తిరిగి తిరిగి సాయంత్రానికి ఎక్కడో పట్టు వదిలింది. ఈ మూడు కూడనివీ ఆ సీట్లో కూర్చున్న మనిషికి. అక్కకు చెల్లెలైన మనిషికి కావు. ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ తట్టనందుకు తనను తానే తిట్టుకుని, సెలవు కాగితం రాసి గుండె మేడమ్ ముందు పెట్టింది.

గుండె మేడమ్ చదివింది. కారణం అని ఉన్నచోట 'అక్కకు తోడుగా డాక్టరు దగ్గరికి' అని ఉంది. ఆవిడ సంతకం చేసి కాగితం ఇవ్వబోయి ఆగింది.

"మెడలో బ్యాడ్జి ఇక్కడ పెట్టి వెళ్ళు," అంది. తెర వైపు తిరిగిపోయింది.

*

చేతుల డాక్టరు గది బయట పొడుగాటి బెంచీ ఉంది. శుక్రవారం చేతులమ్మ వెళ్ళేసరికి అక్క, బాబాయి అప్పటికే పక్కపక్కన కూర్చుని ఉన్నారు. టోకెన్ బాబాయి జేబులో ఉంది. చెల్లెలిని చూసి అక్క ముఖంలో రంగు మారింది.

"నువ్వెందుకొచ్చావే?"

"తోడు."

"బాబాయి ఉన్నాడుగా."

"పెద్దాయన, ఎన్నిసార్లు శ్రమపడతారు?" అని చేతులమ్మ అక్కకు రెండో పక్క కూర్చుంది. బాబాయి నవ్వాడు. ఆ తర్వాత ముగ్గురూ ఎదుటి గోడను చూస్తూ కూర్చున్నారు. అక్క ఒడిలో కుడిచెయ్యి, దాని మీద ఎడమచెయ్యి కప్పి ఉన్నాయి.

తలుపు తెరిచి నర్సు అక్క పేరు పిలిచింది. బాబాయి అలవాటుగా లేచాడు. చేతులమ్మ కూడా లేచింది.

"రోగితో ఒక్కరే," అంది నర్సు.

"నేను వస్తాను. చెల్లెల్ని," అంది చేతులమ్మ.

"అమ్మాయి ఈ ఆసుపత్రి స్టాఫే సిస్టర్," అన్నాడు బాబాయి నర్సుతో, మెచ్చుకుంటున్నట్టు. తర్వాత చేతులమ్మ వైపు తిరిగి, "ఈ వేళప్పుడు నీ సీట్లో లేకపోతే పైవాళ్ళు ఏమీ అనరా తల్లీ?" అన్నాడు.

"సెలవు పెట్టానండీ."

నర్సుకు వీళ్ళ గొడవతో పని లేదు. వెనక ఇంకా చాలామంది ఉన్నారు. "సొంత చెల్లెలుంటే ఇంకేం, తొందరగా రండి," అని తలుపు పట్టుకుంది. అక్క ఒకసారి బాబాయిని చూసింది, ఒకసారి చెల్లెలిని చూసింది, తల వంచుకుని లోపలికి నడిచింది. తలుపు మూసుకుంది.

డాక్టరు మనిషి చెడ్డవాడిలా లేడు. అలిసిపోయినవాడిలా ఉన్నాడు. చేతులమ్మ పంపిన ప్రశ్నలకు ఏళ్ళ తరబడి జవాబులిచ్చిన వేళ్ళు అవే. ఆమెను ఎప్పుడూ చూడలేదు గనుక ఇప్పుడూ చూడనట్టే చూసి, అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని, వేలికున్న బద్ద విప్పి ఇచ్చాడు. అరచేతిలో గడ్డను నొక్కాడు. మడవమన్నాడు, తెరవమన్నాడు. తెరుచుకోలేదు.

"ఇంజెక్షన్ పనిచేయలేదు. చిన్న ఆపరేషన్ చేసేద్దాం. అరచేతిలో కొంచెం కోసి, లోపల బిగుసుకున్న పట్టీని వదులు చేస్తే సరిపోతుంది. చేతికి మాత్రమే మత్తు. కొన్ని వారాలు బరువు పని చేయకూడదు." ఆయన కంప్యూటర్ వైపు తిరిగాడు. "కారణం ముందు రాసిందే కదా? ఇంట్లో కూరలు..."

అక్క తలూపబోయింది.

"అక్కా," అంది చేతులమ్మ. 'సీసా గురించి చెప్పు' అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. అది పైకి అనేస్తే బాబాయి కూర్చునే స్టూలు మీద తను కూర్చున్నట్టే. దాన్ని వెనక్కి నెట్టి, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ చేత్తో ఏం చేస్తావో డాక్టరుగారికి నువ్వే చెప్పు," అంది.

డాక్టరు వేళ్ళు కీబోర్డు మీద ఆగి ఎదురుచూస్తున్నాయి. అక్క మూసిన తలుపు వైపు చూసింది. పెదవులు తడుపుకుంది. డాక్టరు అక్కడ లేనట్టే చెల్లెలి వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"చెబితే నీ ఉద్యోగానికేం కాదుగా?"

చేతులమ్మకు అప్పుడు అర్థమైంది. మెట్ల మీద తనకు దొరికిన దీవెన అక్కకు ఎప్పుడో, ఎన్నిసార్లో అందిందన్నమాట. తను అక్క కోసం నోరు మూసుకుంటే, అక్క తన కోసం నోరు మూసుకుని, రోజూ ఆ మీట నొక్కుతూ వచ్చింది. నీ సీట్లో నువ్వు చల్లగా కూర్చో అన్నది విసుగుతో కాదు. ఏమీ కాదులే అక్కా అని చెప్పాలనిపించింది, కాని అది అబద్ధం.

"ఏమో అక్కా. నాకు తెలీదు," అంది. "అయినా చెప్పు."

డాక్టరు కుర్చీ ఇటు తిప్పాడు. "ఉద్యోగం ఎందుకు పోతుందమ్మా?" అన్నాడు.

కిటికీ పక్కన, రోగులను పడుకోబెట్టే బల్ల మీద మందునీళ్ళ సీసా ఉంది. ప్రతి గదిలో ఉండేదే. "అది ఒకసారి తీసుకోవచ్చాండీ?" అని అడిగి అక్క లేచింది. విప్పిన బద్దను బల్ల మీద పెట్టింది. ముడుచుకున్న వేలిని ఎడమచేత్తో టక్కుమని తెరిచి, సీసా పట్టుకుని బల్ల మీద చల్లడం మొదలుపెట్టింది. పైనుంచి కింది దాకా చల్లింది, గుడ్డతో తుడిచింది. బల్ల అంచులు చల్లింది, తుడిచింది. వంగి బల్ల కాళ్ళు. తర్వాత కుర్చీ చేతులు, తలుపు పిడి, గోడ మీద స్విచ్చి. ఆమె ఒళ్ళు తనంతట తాను ఆ పనిలోకి దిగిపోయింది. ఒక్కో నొక్కుకూ దవడ బిగుసుకుంటోంది. డాక్టరు చూస్తూనే ఉన్నాడు.

"ఇది ఒక్క గదండీ," అంది అక్క, ఆయాసపడుతూ. "మా అంతస్తులో ఉన్నవన్నీ ఇలాగే చేయాలి. రోగి మారితే మళ్ళీ చేయాలి. ఇంట్లో నేను కూరలు తరగనండీ. మా మరిది తరుగుతాడు."

సీసా కింద పెట్టబోయింది. పెట్టలేకపోయింది. వేలు మీట చుట్టూ ముడుచుకుని అక్కడే ఉండిపోయింది. ఎడమచేత్తో లాగింది, రాలేదు. అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేతులమ్మ లేవబోయేంతలో డాక్టరే లేచి వచ్చాడు. ఆమె మణికట్టు పట్టుకుని, ఒక్కో వేలే మీట మీద నుంచి విడదీశాడు. చివరిది విడదీయడానికి చాలాసేపు పట్టింది. సీసా తీసి పక్కన పెట్టి, ఆ చెయ్యిని కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంతకుముందు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"మీరు నన్ను అడిగారండీ. నా పక్కనున్నాయన చెప్పాడు."

డాక్టరు సీట్లోకి వెళ్ళి, ముందు రాసిన మాటను చెరిపేశాడు. టైపు చేస్తూ చేస్తూ, ఏం రాస్తున్నాడో తెలుగులో పైకి చెప్పాడు. "రోజంతా సీసా మీట నొక్కే శుభ్రం పని వల్ల. నా ఎదుట చేసి చూపించారు. ఇలా రాశాను, సరేనా?" చేతులమ్మ తెర వైపు చూడలేదు. అక్క ఫైలు ఆమె చూడకూడదు. కిటికీ వైపు తిరిగి వింది.

"సరేనండీ," అంది అక్క. లేవబోయి మళ్ళీ కూర్చుంది. "ఇంకోటండీ. నేనొక్కదాన్నే కాదు. పొడుగుపిల్ల ఒకతి ఉండేది. దానికి పొయ్యే లేదు. మావాళ్ళు ఎవరొచ్చినా ఒంటరిగా లోపలికి పిలవండి. తోడొచ్చినవాళ్ళని బయట కూర్చోబెట్టండి."

డాక్టరు తలూపాడు. నర్సును పిలిచి, తలుపు దగ్గర ఆమెతో మెల్లగా ఏదో చెప్పాడు. నర్సు ఒకసారి బయటి బెంచీ వైపు చూసి సరేనంది.

అక్కాచెల్లెళ్ళు బయటికి వచ్చారు. చేతులమ్మకు సోమవారం తన సీటు తనకు ఉంటుందో ఉండదో తెలీదు, ఉన్నా ఎన్నాళ్ళో తెలీదు. అక్క మాత్రం బద్ద కట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని ముందు నడుస్తోంది. బెంచీ మీద నుంచి బాబాయి లేచి ఎదురొచ్చాడు. ముఖంలో నవ్వు అలాగే ఉంది.

"ఏం తల్లీ, ఇంతసేపయింది? ఏం చెప్పారు డాక్టరుగారు?"

అక్క ఆగింది. ఇన్నాళ్ళకు ఆయన ముఖంలోకి తిన్నగా చూసింది.

"ఆయనేం చెప్పలేదు సార్," అంది. "నేనే చెప్పాను."